రెండుసార్లు కాలిన ఊక

సూర్యాపేటలో మా కాలేజీ ల్యాబుకు నల్లా ఉండేది. అందులో నీళ్లు పొద్దున ఒక్క గంట వచ్చేవి. ఆ గంటలో ల్యాబుకు తాళం ఉండేది. తాళం తీసి నేను లోపలికి అడుగుపెట్టే సరికి నల్లా ఒకసారి గుర్రుమని, నన్ను గుర్తుపట్టినట్టు ఆగిపోయేది.

నా పరిశోధనకు కావలసింది ఆరు గంటలపాటు ఆగకుండా పారే నీళ్లు. గుండ్రటి గాజు ఫ్లాస్కులో రసాయనాలు, మా మాటలో మందులు, మరుగుతుంటాయి. పైన కండెన్సర్ అనే గాజు గొట్టం నిలబడి ఉంటుంది. దాని చుట్టూ చల్లటి నీళ్లు తిరుగుతూ ఉంటే, లేచిన ఆవిరి చల్లబడి మళ్లీ ఫ్లాస్కులోకే చుక్కలు చుక్కలుగా దిగుతుంది. నీళ్లు ఆగితే ఆవిరి దారి వెతుక్కుని పోతుంది. ఫ్లాస్కు అడుగున తారులాంటిది మిగులుతుంది. మా అటెండరూ నేనూ ఎత్తయిన స్టూలు మీద డ్రమ్ము పెట్టి, దానికి రబ్బరు గొట్టం తగిలించి, బకెట్లతో నింపుతూ ఉండేవాళ్లం. ఎం.ఫిల్.లో ఆ ‘ఫిల్’ ఎందుకుందో నాకప్పుడే తెలిసింది. మూడేళ్లుగా నేను డ్రమ్ములే నింపుతున్నాను.

చేయాల్సినవి ఆరు కొత్త పదార్థాలు. మూడేళ్లలో చేసింది ఒకటి. అది కూడా నా మీద జాలిపడి తయారైందని నా అనుమానం.

అవి తొంభైల మధ్య రోజులు. నేను ఆ కాలేజీలో తాత్కాలిక లెక్చరర్‌ని. ఏటా జూన్‌లో నన్ను మళ్లీ తీసుకునేవారు, ఏప్రిల్‌లో మళ్లీ వదిలేసేవారు. ఎం.ఫిల్. ఉంటే పక్కా చేస్తామని మేనేజ్‌మెంటు మాట ఇచ్చింది. ఆ ఎండాకాలం హైదరాబాదులో మా గైడుగారు నా దరఖాస్తు చేతిలో పట్టుకుని కళ్లద్దాల పైనుంచి చూశారు.

“అమ్మా, పొడిగింపు ఇదే ఆఖరు. దసరా సెలవుల్లోపు ఆరూ తేవాలి. లేకపోతే నీ పేరు కొట్టేయాల్సి వస్తుంది. నేను కొట్టేయకపోయినా ఆఫీసు కొట్టేస్తుంది.”

ఐదు పదార్థాలు, నాలుగున్నర నెలలు, నీళ్లు లేని నల్లా. బస్సులో తిరిగి వస్తూ చౌటుప్పల్ దాకా లెక్క వేసి, అక్కడినుంచి నిద్రపోయాను.

అదే ఎండాకాలం లెక్చరర్లకు మూడు వారాల శిక్షణ తరగతులు పెడితే వెళ్లాను. ఒకరోజు ఒక కుర్ర అధ్యాపకుడు వంటింట్లో పెట్టుకునే మైక్రోవేవ్ ఓవెన్‌ని బల్లమీద పెట్టాడు. మాకు టీ ఇస్తారేమోనని మేమంతా కాస్త సర్దుకుని కూర్చున్నాం. ఆయన రెండు మందులు తీసుకుని సిలికా అనే తెల్లటి పొడిలో కలిపి నూరాడు. మూతలేని గాజు బీకరులో పోసి లోపల పెట్టాడు. పక్కన ఒక గ్లాసుడు నీళ్లు పెట్టాడు. అరనిమిషం నడిపి ఆపాడు, కలిపాడు, మళ్లీ అరనిమిషం. అలా నాలుగుసార్లు. పొడి పసుపు రంగుకు తిరిగింది.

“ఆరు గంటల పని రెండు నిమిషాల్లో అయింది” అన్నాడు.

నేను చెయ్యెత్తాను. “సార్, నీళ్లు?”

“ఏం నీళ్లమ్మా?”

“కండెన్సర్‌కి.”

“కండెన్సరే లేదు కదా!”

అందరూ నవ్వారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడేళ్లలో నాకు అవసరానికి వచ్చిన నీళ్లు అవే. మిగతావాళ్లు వాట్లు, నిమిషాలు, కొలతలు రాసుకుంటుంటే నేను నోట్సులో ఒక్క ముక్క రాసి కింద రెండు గీతలు గీసుకున్నాను: నీళ్లు అక్కర్లేదు.

అది ఎలా పనిచేస్తుందో కూడా ఆయన చెప్పాడు గానీ, నాకు అర్థమయ్యింది సూర్యాపేట బస్టాండు వల్ల. ఒక బస్సు ఇటునుంచి వస్తే జనమంతా ఇటు తిరుగుతారు, ఇంకోటి అటునుంచి వస్తే అటు తిరుగుతారు. అలా క్షణం తీరిక లేకుండా అటూ ఇటూ తిరగడంలో ఒకరినొకరు రాసుకుని ఒళ్లు వేడెక్కుతుంది. నీళ్లు, స్పిరిట్లు, నా మందులు అన్నీ ఆ జనంలాంటివి. ఓవెన్‌లోని తరంగాలు బస్సులు. సిలికా మాత్రం బస్టాండులో సోడాకొట్టు ముసలాయన లాంటిది. ఎన్ని బస్సులు వచ్చినా తల తిప్పదు. అందుకే మందుల్ని దాని ఒళ్లో కూర్చోబెడతారు.

ఇక ఓవెన్ కావాలి. నాకు తెలిసినంతలో మా చుట్టాలందరిలో ఓవెన్ ఉన్నది ఒక్కరికే. ఆమె మా అత్తమ్మ.

అత్తమ్మ కోదాడలో ఉండేది. హైవే పక్కన కొత్తగా పెట్టిన టీవీల దుకాణం వాళ్లు లాటరీ తీస్తే, ఆమె కూపనుకు మొదటి బహుమతి తగిలింది. ఆమె ఓవెన్‌ని వంటింట్లోకి పోనివ్వలేదు. ముందుగదిలో టీవీ పక్కన బల్లమీద పెట్టి, తాను అల్లిన లేసు గుడ్డ కప్పింది. ఒకే ఒక్కసారి అందులో పాలు కాచింది. అవి పొంగి దానికి తొలి అభిషేకం అయ్యాక, మళ్లీ ముట్టలేదు. కానీ వచ్చినవాళ్లకు గుడ్డ తీసి చూపించేది. “లోపల పెట్టింది కుతకుతా ఉడుకుద్ది, ఇది మాత్రం చల్లగానే ఉంటది” అని, నావైపు ఓరకంట చూసి, “అందరూ ఇట్టా ఉంటే ఎంత బాగుండు” అనేది. నాకు కోపం ఎక్కువని ఆమె అభిప్రాయం. ఆ అభిప్రాయం వింటే నాకు కోపం వచ్చేది.

నేనూ మా ఆయనా ఒక ఆదివారం వెళ్లాం. ఆయన హుజూర్‌నగర్ దగ్గర బడిలో టీచరు, రోజూ బస్సులోనే బతుకు. తల్లి దగ్గర మాత్రం ఆయనకు నోరు పెగలదు. దారిపొడవునా “నేనడుగుత, నువ్వు ఊకో” అన్నవాడు, అక్కడికి వెళ్లి చల్ల తాగి, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేనే అడిగాను.

“నెలరోజులకు ఓవెన్ ఇస్తవా అత్తమ్మా? కాలేజీ పనికి.”

“దేనికి?”

“మందులు వండాలె.”

అత్తమ్మ లేసుగుడ్డ అంచు సరిచేసింది. “మందులు పెట్టిందాంట్లో మళ్లీ తినేది పెట్టొచ్చా?”

అక్కడ ఒక్క అబద్ధం సరిపోయేది. శుభ్రంగా కడిగి తెచ్చిస్తానని అంటే ఆమె నమ్మేది. శిక్షణ తరగతుల మొదటిరోజే మాతో రాయించిన మొదటి నియమం మాత్రం నా నోట్సులో ఉంది: మందులకు వాడిన ఓవెన్ మళ్లీ తిండికి పనికిరాదు.

“పెట్టొద్దు అత్తమ్మా. ఇగ ఎప్పటికీ పెట్టొద్దు.”

మా ఆయన పేపరు ఇంకాస్త పైకి లేచింది.

“అంటే ఎంగిలైనట్టే” అంది అత్తమ్మ.

“అయినట్టే.”

మూడు వారాలు మా అందరికీ నూరిపోసిన జాగ్రత్త ఆమెకు ఒక్క మాటలో అర్థమైపోయింది. ఎంగిలైంది కడిగితే పోదు, దాని చోటు మారిపోతుంది అంతే. అత్తమ్మ లేచి లోపలికి వెళ్లింది. చాలాసేపు గిన్నెల చప్పుడు వినిపించింది. ఇక లేదనుకుని నేను చెప్పులు వెతుక్కుంటుంటే బయటికొచ్చింది.

“తీసుకెళ్లమ్మాయ్. ఈ ఇంటికి మాత్రం మళ్లీ తీసుకురాకు, ఎంగిలిది. ఎవరన్నా అడిగితే రిపేరుకు పోయిందని చెప్తా. నువ్వూ అదే చెప్పు.” కొంచెం ఆగి, “అది వచ్చిన డబ్బా మాత్రం ఇక్కడ పెట్టి పో” అంది.

డబ్బా ఎందుకో అర్థం కాలేదు. ఓవెన్‌ని మా ఆయన దుప్పట్లో మూటకట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. కండక్టరు దాన్ని చూసి “పాపకు టికెట్ తీసుకోవాలె సార్” అన్నాడు.

జూన్ అంతా నేర్చుకోవడంలో గడిచింది. నేర్చుకోవడం అంటే మాడ్చడం. ఒకసారి నిమిషం ఎక్కువైంది, ఒకసారి తక్కువైంది. ఒకసారి పక్కన నీళ్ల గ్లాసు పెట్టడం మరిచిపోయాను. వేడి ఎక్కువైతే కాస్త ఆ నీళ్లు పంచుకుంటాయి, అందుకే ఆ గ్లాసు. మా అటెండరుకు మాత్రం అది దిష్టికి పెట్టిందనే నమ్మకం. రోజూ ఆ నీళ్లు తీసుకెళ్లి గేటు బయట పారబోసేవాడు. నేను వద్దనలేదు. మిగతా లెక్చరర్లు నావైపు చూసిన చూపులు తక్కువేం కావు.

జూలైకి చెయ్యి కుదిరింది గానీ, సిలికా అయిపోయింది. కాలేజీలో ఉన్న సగం సీసా నేను మాడ్చడంలోనే ఖతమైంది. కొత్తదానికి అర్జీ పెడితే, అది ఆఫీసులో మూడు బల్లలు దాటి రావాలి. రెండో బల్ల దాటేసరికే దసరా వస్తుంది.

అప్పుడు ఒకరోజు క్లాసులో సిలికా గురించి పాఠం చెబుతూ చెబుతూ పుస్తకంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఊక కాలిస్తే వచ్చే బూడిదలో ఎక్కువ భాగం సిలికానే. ఈ ముక్క అంతకుముందు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పడం వేరు, వినడం వేరు.

నేను పుట్టిందే ఊక మధ్య. మిర్యాలగూడలో మా నాయిన బాయిల్డ్ రైస్ మిల్లులో బాయిలర్ ఫైర్‌మన్. బట్టీలో ఊక పోసి మంట నిలపడం, ఆవిరి తగ్గకుండా చూడడం ఆయన పని. ఎనభైల్లో నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మధ్యాహ్నం ఆయనకు సద్ది తీసుకెళ్లేదాన్ని. ఆయన చేతులమీద వెంట్రుక ఉండేది కాదు, మంట ఎప్పటికప్పుడు గొరిగేసేది. మా ఊళ్లో తెల్లబట్టలు ఆరేయాలంటే ధైర్యం కావాలి. సందు చివర మిల్లు గొట్టం నుంచి నల్లటి నలుసులు ఎగిరివచ్చి, పెళ్లిచూపులకు ఉతికిన చీరమీద కూడా వాలేవి. ఊకె దొరికేది ఊక, అది కాలితే బూడిద, దానికి ఎవరూ ఏమీ ఇచ్చేవాళ్లు కాదు. గిన్నెలు తోమడానికి మా అమ్మ ఒక చిప్ప నిండా ఎప్పుడూ పెట్టుకునేది. అది నల్లటి బూడిదే కావాలి ఆమెకు. “తెల్లది జారుతది, మసి పట్టుకోదు. మంచి బూడిదంటే నల్లదే” అనేది.

ఆ మాట నా చేతుల్లోకి ఎక్కిపోయింది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన చేతులు కూడా అవే కదా.

ఆ శనివారం మిర్యాలగూడ వెళ్లాను. నాయిన డ్యూటీలో ఉన్నాడు. మిల్లు వెనక గుట్టలా పోసిన బూడిదలోంచి, మా అమ్మకు నచ్చే రకం, బాగా నల్లటిది ఏరి ఒక సంచి నింపుకున్నాను. నాయినను కలవకుండానే బస్సెక్కాను. పని అయ్యాక ఫలితం ఆయనకు చూపించి ఆశ్చర్యపరచాలని నా ఉబలాటం.

బూడిదను పలచటి ఆసిడ్‌తో కడిగాను, నీళ్లతో కడిగాను, ఎండబెట్టాను. నలుపు పోలేదు. పోకపోతేనేం, అది బొగ్గు, బొగ్గు ఎవరి జోలికీ పోదు అనుకున్నాను. రెండో పదార్థానికి కావలసిన మందులు అందులో నూరి, ఓవెన్‌లో పెట్టి, నీళ్ల గ్లాసు కూడా గుర్తుపెట్టుకుని పెట్టి, మీట నొక్కాను.

బీకరు మధ్యలో ఒక చుక్క మెరిసింది. అందంగా ఉందే అనుకున్నాను. ఆ చుక్క ఎర్రబడింది. దాని పక్కన ఇంకోటి, ఇంకోటి. క్షణాల్లో బీకరంతా నాయిన బట్టీ నోరులా కణకణలాడింది. చిటచిట నిప్పురవ్వలు లేచాయి. ఠప్ మని ఏదో పగిలింది. నేను మీట ఆపి, ప్లగ్గు పీకి, కిటికీలన్నీ తెరిచి, వరండాలో నిలబడి దగ్గాను.

పొగ తగ్గాక చూస్తే, తిరిగే గాజు పళ్లెం రెండు ముక్కలైంది. లోపలి తెల్లటి గోడమీద అరచేయంత మాడిన మచ్చ. మా మందులు బొగ్గులో బొగ్గయ్యాయి. బొగ్గు ఎవరి జోలికీ పోదు, నిజమే. కానీ మైక్రోవేవ్ తరంగాలు ఎక్కడున్నా అది పిలిచి మింగుతుంది. ఆ సంగతి శిక్షణ తరగతుల్లో చెప్పే ఉంటారు. నేను ‘నీళ్లు అక్కర్లేదు’ కింద గీతలు గీసుకుంటున్న సమయంలో చెప్పి ఉంటారు.

అత్తమ్మ ముఖం గుర్తొచ్చింది. ఒక్క బహుమతి వచ్చిన మనిషి దగ్గర ఆ ఒక్కటీ తెచ్చి కాల్చేశాను. ఇంట్లో చెబితే మా ఆయన “అమ్మకు నేను చెప్త” అన్నాడు. ఆయన చెప్పడని ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరం నిశ్చింతగా ఉన్నాం.

మరుసటి వారం నాయిన నూకల సంచి భుజాన వేసుకుని సూర్యాపేట వచ్చాడు. వంటింట్లో మూలకు పెట్టిన బూడిద సంచి చూశాడు.

“గిదేంది? గిన్నెలు తోమెతందుకు గింత బూడిదనా? పెళ్లి గిట్ల ఉన్నదా?”

చెప్పక తప్పలేదు. మొదటినుంచి, గైడు గారి మాట నుంచి గాజుపళ్లెం దాకా అన్నీ చెప్పాను. దసరా సంగతి, ఉద్యోగం సంగతి కూడా ఆయనకు అప్పుడే తెలిసింది. నాయిన చిటికెడు బూడిద తీసి, వేళ్ల మధ్య నలిపి, వెలుతురులో పట్టి చూశాడు.

“ఇది సగమే కాలింది బిడ్డా. దీనికి ఇంక ఆకలున్నది. నిప్పు సూపిస్తె ఊకుంటదా?”

“నిప్పు కాదు నాయినా, దాంట్ల నిప్పుండది.”

“ఏదో ఒకటి. నువ్వు ఆకలిగొన్నదాని ముంగట పెట్టినవ్, అది తిన్నది.” చేతులు దులుపుకున్నాడు. “ముప్పై ఏండ్ల సంది బూడిదలనే ఉన్న. నన్నొక మాట అడగకపోతివి?”

“చేసి సూపిద్దామనుకున్న నాయినా.”

“నాకు సూపిస్తందుకు నాకే దాస్తివి” అని నవ్వాడు. ఆ నవ్వులో నొప్పి ఉందేమోనని వెతికాను. ఉంది. కొంచెమే.

రెండురోజులు సెలవు పెట్టి ఆయన వెంట మిర్యాలగూడ వెళ్లాను. మిల్లులో మధ్యాహ్నం వడ్లు నానబెట్టిన వాసన, పుల్లగా, వెచ్చగా. బట్టీకి పక్కన ఒక చిన్న ఇనుప తలుపు ఉంది. బూడిద లాగే దారి అది. నాయిన అక్కడ ఒక పాత రేకు పెట్టి, నల్లటి బూడిదను దానిమీద పరిచాడు. వేలు అడ్డంపెట్టి మందం చూసుకున్నాడు.

“ఏలెడు మందమే. ఎక్కువ పోస్తె అడుగుది అట్లనే నల్లగుంటది. దీనికి మంట తగలొద్దు. గాలి తగలాలె, సెగ తగలాలె. మంట తగిలితె పైన కాలి గట్టిపడ్తది, లోపట ఆకలి లోపట్నే ఉంటది.”

“ఎంతసేపు?”

“అయ్యేదాంక.”

“అయ్యిందని ఎట్ల తెలుస్తది?”

“సూస్తే తెలుస్తది.”

మా గైడుగారి దగ్గర ఈ జవాబు చెల్లదని నాకు తెలుసు. అందుకే పక్కన పీటేసుకుని కూర్చున్నాను. గడియారం పెట్టుకుని నోట్సు రాసుకున్నాను. నల్లటిది బూడిద రంగుకు వచ్చింది, అది పావురం రంగుకు తేలింది, చివరికి తెల్లబడింది. ఆ తెలుపులో ఎక్కడో గులాబీ జీర కూడా ఉంది. నేనింకా ఉంచుదామన్నాను. ఆయన రేకు బయటికి లాగేశాడు.

“సాలు. ఇంక కాలిస్తె గాజైతది. కరకరమంటది, దేన్నీ పట్టుకోదు.”

అది నిజమని తర్వాత పుస్తకాల్లో చదివాను. అక్కడ అదే సంగతికి అరపేజీ పట్టింది.

ఆ తర్వాతి శుక్రవారం ఆయనే అల్యూమినియం సద్ది డబ్బా నిండా తెల్ల బూడిద తీసుకుని సూర్యాపేట కాలేజీకి వచ్చాడు. చిన్నప్పుడు నేను ఆయనకు మోసిన డబ్బా అదే. ల్యాబు గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. వద్దంటే వినలేదు. బూడిదను ఆసిడ్‌తో కడిగి, ఆరబెట్టి సిద్ధం చేసేసరికి రెండోరోజు మధ్యాహ్నమైంది. గాజుపళ్లెం బదులు పెళ్లిలో వచ్చిన పింగాణీ పళ్లెం పెట్టాను. బంగారు అంచు ఉన్నవి పనికిరావని అప్పటికి నేర్చుకున్నాను కాబట్టి, అంచు లేని చవక పళ్లెం వెతికాను. మా పెళ్లిలో అలాంటివి చాలానే వచ్చాయి.

మీట నొక్కాను. ముప్పై సెకన్లు. ఇద్దరం అద్దంలోంచి చూస్తున్నాం. బీకరు లోపల తెల్లటి పొడి కదలకుండా కూర్చుంది. చుక్క లేదు, మెరుపు లేదు. నాయిన మెల్లగా అరచెయ్యి తీసుకెళ్లి ఓవెన్ తలుపుమీద ఆనించాడు. ముప్పై ఏళ్లు ఏ బట్టీ తలుపునూ ఆయన అలా ముట్టుకుని ఉండడు.

“సల్లగున్నది” అన్నాడు.

“ఊ.”

“నిప్పు ఏడున్నది మరి?”

“లేదు నాయినా. మందులే వాటికవే వేడెక్కుతయ్.”

ఆయన చెయ్యి తీయలేదు. ఆపాను, కలిపాను, మళ్లీ పెట్టాను. మూడోసారి తలుపు తెరిచేసరికి పొడి లేత నిమ్మపండు రంగుకు తిరిగింది. నాలుగోసారికి పసుపు. కొంచెం స్పిరిటు పోసి వడగడితే, పసుపు నీరు కిందికి దిగింది, బూడిద పైనే మిగిలింది. ఆ నీరు ఆరాక గాజు అంచున సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు లేచాయి. వాటిని సన్నటి గాజుగొట్టంలో నింపి వేడిచేసి, ఎక్కడ కరుగుతాయో చూశాను. అసలైన పదార్థం ఒక్క డిగ్రీ దగ్గర గబుక్కున కరగాలి. కల్తీ అయితే ఐదారు డిగ్రీలు నసుగుతుంది. నా సూదులు నసగలేదు. ఒక్కసారిగా కరిగి బొట్టయ్యాయి.

“అయ్యిందా?” అన్నాడు నాయిన.

“అయ్యింది.”

“ఎట్ల తెలుసు?”

“సూస్తే తెలుస్తది” అన్నాను. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ల్యాబులో అంత ఉక్కగా ఏం లేదు.

ఆగస్టులో మూడు, సెప్టెంబరులో ఒకటి అయ్యాయి. నాయిన ప్రతి పదిరోజులకోసారి సద్ది డబ్బా పంపేవాడు. మిర్యాలగూడ నుంచి వచ్చే బస్సు డ్రైవరు దాన్ని బస్టాండులో నాకు అందిస్తూ, “మీ నాయిన ప్రతిసారి ఏం పంపుతడు మేడం, విభూతా?” అనేవాడు.

అత్తమ్మకు చెప్పడం మిగిలింది. సెప్టెంబరులో నేనే కోదాడ వెళ్లాను. ముందుగదిలో అడుగుపెట్టగానే ఆగిపోయాను. టీవీ పక్కన బల్లమీద ఓవెన్ ఉంది. లేసుగుడ్డ కప్పుకుని, ఎప్పటిలాగే.

అది డబ్బా. ఖాళీ అట్టపెట్టె.

“అడిగినోళ్లందరికీ రిపేరని ఎంతకాలం చెప్తాం?” అంది అత్తమ్మ. “ఇప్పుడెవరూ అడగట్లా.”

పళ్లెం పగలడం, గోడ మాడడం అన్నీ చెప్పాను. ఆమె విని, “పని చేస్తందా?” అంది. చేస్తోందన్నాను. “మరింకేం. వాడే సామాను మాడకుండా ఉంటదా? గుడ్డ కప్పుకుని కూర్చున్నది మాడలేదు” అని, నా కంచంలో ఇంకో గరిటె వడ్డించింది. ఆ మాట ఓవెన్‌ గురించేనా, కొంచెం తనగురించి కూడానా అని ఇప్పటికీ నాకు అనుమానమే.

దసరాకు తొమ్మిది రోజుల ముందు ఆరు పదార్థాలూ ఆరు చిన్న సీసాల్లో హైదరాబాదు తీసుకెళ్లాను. గైడుగారు ఒక్కో సీసా వెలుతురుకు ఎత్తి చూశారు. రాతప్రతి చదివారు. బూడిద తయారీ ఉన్న పేజీ దగ్గర ఆగారు.

“ఈ రెండోసారి కాల్చే పద్ధతి బాగుందమ్మా. ఎవరిది? ఆధారం రాయలేదే?”

పరిశోధనలో ఇదొక ఆచారం. ప్రతి పద్ధతికీ అది ఎవరు చెప్పారో, ఏ పత్రికలో, ఏ పేజీలో ఉందో చివరన పట్టికలో రాయాలి. ఆధారం లేని మాటను ఒప్పుకోరు.

“మా నాయిన చెప్పిండు సార్. మిర్యాలగూడలో బాయిలర్ ఫైర్‌మన్.” మా ఊరి భాష నోటికొచ్చిందని చెప్పాక తెలిసింది.

ఆయన నవ్వుతారనుకున్నాను. పెన్ను మూత తీశారు.

“అచ్చులో లేని మాట నోటితో చెబితే, దానికీ ఒక పద్ధతుంది. చెప్పినవారి పేరు, వృత్తి, ఊరు రాసి, ‘వ్యక్తిగతంగా తెలిపినది’ అని రాయాలి. రాయి. సంతకం పెడతాను.”

రాశాను. పెట్టారు.

బైండు చేసిన ప్రతులు వచ్చాక ఒకటి కోదాడకు ఇచ్చాను. అత్తమ్మ దాన్ని తిరగేసి, అక్షరాలు అర్థం కాక, లేసుగుడ్డ ఎత్తి అట్టపెట్టెలో పెట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్లు, వచ్చినవాళ్లు అందులో ఏముందని అడిగితే, “మా కోడలు వండింది” అనేది.

ఇంకో ప్రతి మిర్యాలగూడకు తీసుకెళ్లాను. నాయినకు చదువు రాదు, మిల్లు జీతాల పట్టీలో చూసి చూసి ఇంగ్లీషులో తన పేరు మాత్రం గుర్తుపడతాడు. వాకిట్లో మంచంమీద కూర్చుని చివరి పేజీలు తెరిచి, ఆయన వేలు పట్టుకుని ఆ పట్టికలో కిందికి దించుకుంటూ వెళ్లాను. పైనుంచి కిందిదాకా ఇంగ్లీషు పేర్లు, జర్మన్ పేర్లు, జపాన్ పేర్లు. వేలు చివరి వరుస దగ్గర ఆగింది. ఆయన తన పేరును చాలాసేపు చూశాడు.

“గిండ్ల మన దిక్కోన్ని నేనొక్కన్నేనా?”

“ఒక్కనివే.”

“ఎందుకు రాసిర్రు?”

“రేపు ఎవరన్న సూసి చేసుకుంటరు నాయినా. కాకపోతే నిన్ను అడుగుతరు.”

అది విని ఆయన నిటారుగా కూర్చున్నాడు. “అయితే సరిగ్గ ఉండాలె. ఏలెడు మందమని రాసినవా?”

“రాసిన.”

“మంట తగలొద్దని?”

“రాసిన.”

“నడుమ నడుమ కలెబెట్టాలని?”

నేను ఆ పేజీ తిరగేసి చదివాను. రెండోసారి చదివాను. ఆ రోజు బట్టీ దగ్గర ఆయన మాట్లాడుతూనే ఇనుప పారతో బూడిదను అటూ ఇటూ తిప్పుతూ ఉన్నాడు. నోటితో చెప్పిందంతా రాసుకున్నాను. చేత్తో చేసింది రాసుకోలేదు.

“లేదు నాయినా.”

“ఏందే! కలెబెట్టకపోతె ఎట్లయితది? నడిమిది నల్లగనే ఉంటది. ఎవడన్న చేసి కాకపోతె నన్ననుకుంటడు.” ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. “రాయి, ఇప్పుడే రాయి.”

బంగారు అక్షరాల అట్ట వేసిన పుస్తకంలో, పేజీ అంచున, పెన్నుతో రాశాను. ఏమని రాశావో చదవమన్నాడు. చదివాను. “ఎన్నిసార్లని రాసినవ్?” అన్నాడు. అయ్యేదాంక అని రాశానన్నాను. అప్పుడు తలూపాడు.

యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్న ప్రతిలో ఆ మాట ఇప్పటికీ లేదు. ఎవరైనా అది చూసి చేసి, నడిమి బూడిద నల్లగా మిగిలితే, తప్పు నాది. ఆయన కలుపుతూనే చెప్పాడు.